వేసవి గాలివానను ముందే పసిగట్టడం, పోయాక నష్టాన్ని సరిగ్గా రాసిపెట్టడం ఎలా

ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలివానలో వాన కంటే గాలే ఎక్కువ పాడు చేస్తుంది. ఇరవై నిమిషాల్లో అంతా అయిపోతుంది, కానీ అప్పటికే మామిడి కాయ నేల మీద ఉంటుంది, షెడ్డు రేకులు పక్క చేలో పడి ఉంటాయి, కరెంటు రాత్రంతా రాదు. పక్క మండలంలో మాత్రం చుక్క పడదు. జిల్లా మొత్తానికి ఇచ్చే హెచ్చరిక తప్పు కాదు, కానీ అది మీ ఊరి మీదికి ఎన్ని గంటలకు వస్తుందో, ఏ వైపు నుంచి వస్తుందో ఆ ఒక్క లైనులో ఉండదు. ఆ చివరి రెండు గంటల పని మనమే చేసుకోవాలి. వాతావరణం అంటే ఇష్టం ఉన్నవాళ్లు ఊరికి ఒక్కరున్నా చాలు, ఆ పని జరుగుతుంది. దానికి ఖరీదైన సామాను ఏమీ అక్కర్లేదు, ఫోను, ఒక నోటు పుస్తకం, కోసిన ప్లాస్టిక్ బాటిల్, కాస్త ఓపిక ఉంటే సరిపోతుంది.

ముందు గాలి ఎందుకు వస్తుందో తెలుసుకోండి

ఇది తెలిస్తే మిగతా అడుగులన్నీ సులువు. వేసవిలో బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి ఒక వైపు, వాయువ్యం నుంచి వచ్చే పొడి వేడి గాలి ఇంకో వైపు ఉంటాయి. ఈ రెండూ కలిసే గీత చాలా రోజులు విదర్భ దగ్గర మొదలై తెలంగాణ, రాయలసీమ లేదా కర్ణాటక లోపలి భాగాల మీదుగా తమిళనాడు దాకా సాగుతుంది. వార్తల్లో ద్రోణి అని చెప్పేది దీన్నే. మధ్యాహ్నపు ఎండకు నేల కాగి, ఆ గీత దగ్గర తేమ గాలి పైకి ఎగిసి, 12 నుంచి 15 కిలోమీటర్ల ఎత్తు దాకా మేఘం కడుతుంది. అదే క్యుములోనింబస్.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. ఆ మేఘం నుంచి పడే వాన కింద ఉన్న వేడి పొడి గాలిలోకి దిగేటప్పుడు సగంలోనే ఆవిరవుతుంది, ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది, చల్లబడ్డ గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందికి కూలుతుంది, నేలను తాకి అన్ని వైపులకూ దూసుకుపోతుంది. మన ఈదురుగాలి ఇదే. అందుకే 42 డిగ్రీల ఎండ కాసిన రోజు, వాన నాలుగు చినుకులే పడినా, గాలి చెట్లను కూల్చేస్తుంది. వాన తక్కువ అని చెప్పారు కదా అని నిర్లక్ష్యం చేయొద్దు.

పొద్దున చూడాల్సినవి

వాతావరణ శాఖ హైదరాబాద్ కేంద్రం, అమరావతి కేంద్రం ఇచ్చే రోజువారీ బులెటిన్ మొత్తం చదవండి. ఎల్లో, ఆరెంజ్ అనే రంగు ఒక్కటే చూసి వదిలేయకండి. గాలి వేగం గంటకు 30-40 కి.మీ. అని ఇచ్చారా, 40-50 అనా, 50-60 అనా అన్నదే మనకు కావాలి. 50-60 అని ఉన్న రోజు నేనైతే మధ్యాహ్నం తర్వాత ఏ పనీ బయట పెట్టుకోను. ద్రోణి ఎక్కడెక్కడి మీదుగా వెళ్తోందో, ఉపరితల ఆవర్తనం (పైన గాలి సుడి తిరిగే చోటు) ఎక్కడ ఉందో కూడా అదే బులెటిన్‌లో ఉంటుంది. ఆ గీత మీ జిల్లా మీద కానీ, మీ జిల్లాకు కొంచెం పడమరన కానీ ఉంటే జాగ్రత్త పడాల్సిన రోజు.

తర్వాత తేమ. ఏదైనా వాతావరణ యాప్‌లో డ్యూ పాయింట్ అని ఒక అంకె ఉంటుంది. తేమ శాతం కంటే అది నయం, ఎందుకంటే తేమ శాతం ఎండ పెరిగేకొద్దీ పడిపోతూ మనల్ని తికమక పెడుతుంది, డ్యూ పాయింట్ గాలిలో నిజంగా ఎంత నీరుందో చెబుతుంది. పది, పదకొండు గంటల వేళ అది 20 దాటి, పైన ఎండ 40 వైపు పోతుంటే గాలివానకు సరుకు సిద్ధంగా ఉన్నట్టే. 12 దగ్గర ఉంటే సాయంత్రం ఉత్త దుమ్ముతో పోవచ్చు.

ఇంకొంచెం లోతుగా చూడాలనుకుంటే బెలూన్ రీడింగులు ఉన్నాయి. హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నంలో బెలూన్ వదిలి పైగాలి లెక్కలు తీస్తారు. అమెరికాలోని వయోమింగ్ యూనివర్సిటీ సైట్‌లో ఆ లెక్కలు ఎవరైనా చూడొచ్చు, హైదరాబాద్ నంబరు 43128, విశాఖ 43150, మచిలీపట్నం 43185. అందులో కేప్ అనే విలువ మేఘం ఎంత జోరుగా ఎగరగలదో చెబుతుంది, 2500 దాటిందంటే గట్టి సరుకే. కానీ కేప్ పెద్దగా ఉన్నంత మాత్రాన వాన రాదు. దాన్ని లేపే ద్రోణి కూడా దగ్గర్లో ఉండాలి. కొత్తగా ఇందులోకి వచ్చినవాళ్లు ఈ అంకె ఒక్కటి చూసి ఊరందరినీ భయపెట్టేస్తుంటారు, అలా చేయకండి.

మధ్యాహ్నం రెండు నుంచి రాడార్ మీద కన్నేయండి

వాతావరణ శాఖ సైట్‌లో డాప్లర్ రాడార్ చిత్రాలు ఉచితంగా ఉంటాయి. మనకు పనికొచ్చేవి హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నం, శ్రీహరికోట. ఉత్తర తెలంగాణ వాళ్లు నాగ్‌పూర్ కూడా చూడండి. చిత్రం మీద యూటీసీ (అంతర్జాతీయ సమయం) అని ఉంటే ఆ సమయానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. చాలామంది ఇది మరిచిపోయి ఎప్పుడో పోయిన మేఘం గురించి కంగారు పడతారు.

రంగుల పక్కన డీబీజెడ్ అనే అంకెలు ఉంటాయి, మేఘం నుంచి రాడార్‌కు తిరిగొచ్చే సంకేతం ఎంత బలంగా ఉందో అవి చెబుతాయి. 40 దాటితే గట్టి వాన, 55 దాటిన మచ్చ ఉంటే వడగళ్లు ఉండొచ్చు. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేల నుంచి పైకి లేస్తుంది. వంద కిలోమీటర్ల దూరంలో దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ ఎత్తున, రెండు వందల కిలోమీటర్ల దూరంలో నాలుగు కిలోమీటర్ల ఎత్తున చూస్తుంది. కాబట్టి మీ ఊరు రాడార్‌కు దూరమైతే అది మేఘం నడుమును చూస్తోంది, కాళ్లను కాదు. కింద ఊడ్చుకుంటూ వచ్చే గాలి అందులో కనపడదు.

కదలికను ఇలా లెక్కేయండి. ఇరవై నిమిషాల తేడాతో రెండు చిత్రాలు సేవ్ చేసుకోండి. మచ్చ పది కిలోమీటర్లు జరిగిందంటే గంటకు ముప్ఫై. అది మీకు 45 కిలోమీటర్ల దూరంలో ఉంటే గంటన్నర టైం ఉందన్నమాట, కానీ దాంట్లోంచి అరగంట తీసేసి లెక్క పెట్టుకోండి. ఎందుకంటే గాలి మేఘం కంటే ముందే వస్తుంది, పైగా ఆ చల్లగాలి ముందుకు తోసుకొచ్చి ఎదురుగా ఉన్న వేడి గాలిని లేపి కొత్త మేఘాలు పుట్టిస్తుంది, అంటే గాలివాన నడిచి రాదు, గెంతుతూ వస్తుంది. రాడార్‌కు దగ్గర్లో ఉన్నవాళ్లకు మచ్చకు ముందు సన్నటి వంపు గీత ఒకటి కనిపిస్తుంది. అదే గాలి అంచు. ఆ గీత మీ ఊరిని దాటే టైమే మీకు కావాల్సిన టైం.

తెలంగాణలో ఇవి తరచుగా మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దుల్లో పుట్టి తూర్పు, ఆగ్నేయ దిక్కులకు వస్తాయి, ఉత్తరాంధ్రలో ఏజెన్సీ కొండల మీద మధ్యాహ్నం కట్టి సాయంత్రానికి మైదానంలోకి దిగుతాయి. అయినా అలవాటు మీద నమ్మకం పెట్టుకోకుండా ఆ రోజు చిత్రాన్నే చూడండి.

పిడుగుల కోసం పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారు చేసిన దామిని యాప్ పెట్టుకోండి, మీ చుట్టూ 20, 40 కిలోమీటర్లలో మెరుపులు పడుతున్నాయేమో చూపిస్తుంది. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. యాప్ లేకపోతే మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగించండి, అన్ని కిలోమీటర్ల దూరం. ముప్ఫై సెకన్ల లోపు వస్తే లోపలికి వెళ్లాలి, చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రాకూడదు. చెట్టు కింద నిలబడటం, అందులోనూ తాటి, కొబ్బరి చెట్ల కింద, ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

చివరి గంటలో చేయాల్సిన పనులు

ఆకాశం చూస్తూ ఉండండి. ఎత్తుగా కట్టిన మేఘం పైన దాగలి ఆకారంలో పరుచుకోవడం, గాలి పూర్తిగా ఆగిపోయి ఉక్కపోత పెరగడం, తర్వాత గాలి దిక్కు మారి చల్లగా తగలడం, దూరంగా నేల మీంచి ఎర్రటి దుమ్ము గోడ లేవడం, ఈ వరుస చాలాసార్లు ఇలాగే ఉంటుంది. దుమ్ము గోడ కనపడ్డాక మీ చేతిలో ఉన్నది కొద్ది నిమిషాలే, అప్పుడు ఏ పనీ మొదలుపెట్టకండి, లోపలికి పొండి. పనులన్నీ అంతకు ముందే అయిపోవాలి.

కల్లంలో, కొనుగోలు కేంద్రంలో వడ్లు ఉన్నవాళ్లు కుప్పను మధ్యలో ఎత్తుగా చేసి, చుట్టూ చిన్న కాలువ తీసి, టార్పాలిన్ కప్పండి. మొదట గాలి వచ్చే వైపు అంచును బిగించాలి, నాలుగు రాళ్లు పెడితే ఆగదు, ఇసుక మూటలు వరుసగా పెట్టి పైన తాడు అడ్డంగా లాగి కట్టాలి. గాలి ఒక్క మూల దూరిందంటే మొత్తం పట్టా లేచిపోతుంది. మిర్చి ఆరబోసినవాళ్లకూ ఇదే. అరటి తోటకు చివరి గంటలో చేయగలిగింది ఏమీ లేదు, గెల వేసిన చెట్లకు మార్చిలోనే వెదురు బొంగులు ఊతం పెట్టుకోవాలి. మామిడి కోతకు వచ్చి ఉంటే, గట్టి హెచ్చరిక ఉన్న రోజు పొద్దున్నే కోయడమే మంచిది, రాలిన కాయకు ధర రాదు.

రేకుల ఇల్లు, షెడ్డు ఉన్నవాళ్లు సీజన్‌కు ముందే అంచుల వరసలో ప్రతి హుక్కూ బిగించి చూసుకోండి. గాలి అంచు కింద దూరి రేకును పైకి లేపుతుంది, మధ్యలో కాదు. రేకుల మీద బరువుకని రాళ్లు పెట్టే అలవాటు మానేయండి, రేకు లేచినప్పుడు ఆ రాయే మనిషి మీద పడుతుంది.

గోడల సంగతి నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. 2024 మే 26న, రోహిణి కార్తె మొదట్లో, నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలంలో కడుతున్న కోళ్ల షెడ్డు గోడ గాలివానకు కూలి నలుగురు చనిపోయారు. ఆ ఒక్క సాయంత్రం రాష్ట్రం మొత్తం మీద పది మందికి పైగా పోయారు. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాడు తెల్లవారుజామున వానకు కొత్త గోడ కూలి ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. పైకప్పు పడని గోడకు, కొత్తగా కట్టిన ప్రహరీకి పక్కనుంచి పట్టు ఉండదు. వాన తప్పించుకోవడానికి జనం సరిగ్గా అలాంటి గోడ పక్కకే పరుగెత్తుతారు. కూలీలు పని చేస్తున్న చోట మీరు ఉంటే వాళ్లను అక్కడి నుంచి పంపించండి, మొహమాటపడకండి. పెద్ద హోర్డింగులు కూడా అంతే, 2024 మే 13న ముంబై ఘాట్‌కోపర్‌లో 120 అడుగుల వెడల్పు, 120 అడుగుల ఎత్తున్న హోర్డింగ్ పెట్రోల్ బంకు మీద పడి 17 మంది చనిపోయారు.

గాలి వీస్తున్నప్పుడు ఏం కొలవాలి

కిటికీకి దూరంగా నిలబడి చూస్తే చాలు, వీడియో కోసం డాబా ఎక్కొద్దు. టైం రాసుకోండి: మొదటి గాలి ఎప్పుడు, ఏ దిక్కు నుంచి, కరెంటు ఎప్పుడు పోయింది, వాన ఎప్పుడు మొదలైంది, వడగళ్లు ఎంతసేపు. థర్మామీటర్ ఉంటే గాలికి ముందు, తర్వాత ఉష్ణోగ్రత రాయండి, కొద్ది నిమిషాల్లో పది డిగ్రీలు పడటం మామూలే. ఎంత ఎక్కువ పడిందో, కిందికి కూలిన గాలి అంత చల్లనిదన్నమాట.

గాలి వేగం కొలిచే యంత్రం లేకపోతే చెట్లను చూసి అంచనా వేయండి. దీనికి బోఫోర్ట్ స్కేల్ అని ప్రపంచమంతా వాడే పద్ధతి ఉంది. పెద్ద కొమ్మలు ఊగుతూ గొడుగు పట్టుకోవడం కష్టమైతే గంటకు 39 నుంచి 49 కి.మీ., చెట్టు చెట్టంతా ఊగి గాలికి ఎదురు నడవడం కష్టమైతే 50 నుంచి 61, రెమ్మలు విరిగి పడుతుంటే 62 నుంచి 74, ఇళ్లకు చిన్నపాటి నష్టం మొదలైతే 75 నుంచి 88, చెట్లు వేళ్లతో లేస్తే 89 పైన. ఇవి నిలకడగా వీచే గాలికి చెప్పిన అంకెలు, మన ఈదురుగాలి కుదుపులు కుదుపులుగా వస్తుంది కాబట్టి అంచనా అనే రాయండి. గాలి వేగం ఉన్నదాని మీద ఒక్కసారిగా గంటకు కనీసం 29 కి.మీ. పెరిగి, 40 కానీ ఆపైన కానీ చేరి, కనీసం ఒక నిమిషం అలాగే వీస్తే దాన్ని స్క్వాల్ అంటారు, క్షణం పాటు వచ్చి పోయేది గస్ట్. ఈ తేడా కోసమే నిమిషం గడియారం చూడమంటున్నాను.

వాన కొలవడానికి నిటారు గోడలున్న ప్లాస్టిక్ బాటిల్ పైభాగం కోసి గరాటులా తిరగేసి పెట్టండి. అడుగున గులకరాళ్లు వేసి, బాటిల్ సమంగా ఉండే చోటు దాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీత పెట్టి, పైకి స్కేలు అతికించండి. చెట్టుకు, గోడకు దూరంగా, గాలికి పడిపోకుండా ఇటుకల మధ్య ఉంచండి. ఒక మిల్లీమీటర్ అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. వాతావరణ శాఖ రోజును పొద్దున 8.30 నుంచి 8.30కి లెక్కిస్తుంది, మీరూ అదే టైం పాటిస్తే రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. వడగళ్లు ఆగగానే పెద్దదాన్ని తీసి స్కేలు పక్కన ఫొటో తీయండి. పెద్ద రాళ్లు పడ్డాయని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

పోయాక, నష్టాన్ని చదవడం

నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే, జనం అన్నిటికన్నా తక్కువ చేసేదీ ఇదే. మొదట భద్రత. తెగిన తీగ నేల మీద ఉంటే దాంట్లో కరెంటు ఉన్నట్టే అనుకోండి, దూరంగా ఉండి 1912కు ఫోన్ చేయండి. చీకట్లో తిరగకుండా తెల్లవారాక వెళ్లండి, కానీ రోడ్డు మీది చెట్లు కోసేయక ముందే వెళ్లాలి.

పడిన ప్రతి చెట్టు దగ్గర మొదలు నుంచి కొస వైపు ఫోన్ దిక్సూచి పట్టి, ఏ దిక్కుకు పడిందో రాయండి. అలా ఇరవై, ముప్ఫై చెట్లు మ్యాపు మీద బాణాలుగా గీస్తే కథ దానంతట అదే కనపడుతుంది. బాణాలన్నీ ఒకే దిక్కుకు ఉంటే గాలి అంచు తిన్నగా దూసుకెళ్లింది. ఒక చోటు నుంచి విసనకర్రలా విచ్చుకుంటూ ఉంటే ఆ చోట పైనుంచి గాలి కూలింది, దాన్ని డౌన్‌బర్స్ట్ అంటారు. సన్నటి పట్టీలో బాణాలు లోపలికి ముడుచుకుంటూ, అడ్డదిడ్డంగా ఉంటే అప్పుడు మాత్రమే టోర్నడో గురించి ఆలోచించాలి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వేల చెట్లు ఒక్క సాయంత్రం నేలకూలినప్పుడు అది సుడిగాలా, డౌన్‌బర్స్టా అని అందరూ వాదించుకున్నారు. అది వానాకాలం ఘటన, అయినా పాఠం మనకూ వర్తిస్తుంది, అలాంటి వాదన తేలాలంటే దారి పడిన చెట్ల దిక్కులు చూడటమే.

చెట్టు ఎలా పోయిందో కూడా రాయాలి. మాను మధ్యకు విరిగిందా, వేళ్లతో లేచిందా, కొమ్మ ఒక్కటే పోయిందా? మాను లోపల పుచ్చు ఉందా? చుట్టూ సిమెంట్ పోశారా, రోడ్డు పనికి ఒక వైపు వేళ్లు నరికారా? నగరాల్లో పడే తురాయి, నిద్రగన్నేరు చెట్లలో చాలావాటికి ఈ జబ్బులు ఉంటాయి. పుచ్చిన చెట్టు 50 కి.మీ. గాలికే పడుతుంది, దాన్ని చూపించి వంద దాటిందనడం సరికాదు. పచ్చగా గట్టిగా ఉన్న వేప మాను మధ్యకు విరిగితే అది వేరే లెక్క. కరెంటు స్తంభాల విషయంలో ఇంకా జాగ్రత్త, ఒక చెట్టు తీగ మీద పడితే ఆ లాగుడుకు నాలుగు స్తంభాలు వరసగా వంగుతాయి, నాలుగింటినీ గాలే పడగొట్టలేదు. రేకులు ఎగిరితే ఎంత దూరం, ఏ దిక్కుకు పోయాయో కొలవండి, హుక్కు విరిగిందా, దూలమే లేచిందా చూడండి.

ఏమీ జరగని వీధి కూడా రాయండి. నష్టం ఎక్కడ ఆగిందో తెలియకపోతే పట్టీ వెడల్పు ఎప్పటికీ తెలియదు.

రాసినదాన్ని ఎక్కడ ఇవ్వాలి

వాతావరణ శాఖ సైట్‌లో పబ్లిక్ అబ్జర్వేషన్ అనే చోట వడగళ్లు, గాలి, పిడుగు వివరాలు ఎవరైనా పంపొచ్చు. పంట పోయినవాళ్లకు తెలంగాణలో వ్యవసాయ విస్తరణ అధికారి, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రం మొదటి మెట్టు. ఫసల్ బీమా వర్తించే పంటకు 72 గంటల్లోపు తెలియజేయాలి, విపత్తు నిధి సాయానికి 33 శాతం, ఆపైన నష్టం ఉండాలి. టైం, స్థలం ఉన్న ఫొటోలు ఇక్కడ నిజంగా అక్కరకొస్తాయి, పొలం నాలుగు మూలల నుంచి, ఒకటి దూరం నుంచి తీసి పెట్టుకోండి, కాయలు ఏరకముందే.

ఎవరో పంపిన వీడియోను మీ రికార్డులో కలపకండి. ప్రతి వేసవిలో వేరే దేశపు సుడిగాలి మన ఊరి పేరుతో తిరుగుతుంది. తీసినవాళ్లను అడిగి, ఏ వీధి, ఎన్ని గంటలకు అని తెలిస్తేనే తీసుకోండి.

చివరగా మీ అంకెలను మండల ఆటోమేటిక్ స్టేషన్ లెక్కలతో పోల్చండి. తెలంగాణలో అభివృద్ధి ప్రణాళికా సొసైటీ (టీజీడీపీఎస్) ఆ వివరాలు రోజూ పెడుతుంది. మీ బాటిల్‌లో 32 మిల్లీమీటర్లు, ఎనిమిది కిలోమీటర్ల అవతల స్టేషన్‌లో 4 ఉంటే కంగారు పడి మీ అంకెను దిద్దకండి. ఈ కాలపు వానలో రెండూ నిజమే కావచ్చు. బాటిల్ ఒరిగిందా, గరాటు మూసుకుపోయిందా అని ఒకసారి చూసుకుని, ఏమీ లేకపోతే 32 అనే ఉంచి, పక్కన స్టేషన్ అంకె కూడా రాయండి.